బుష్–ఫ్రాన్సిస్ స్కేల్ రివ్యూ: కొయ్యబారిన మనిషిని చేతులతో చదివే ఫారం

ఉలుకూ పలుకూ లేకుండా కొయ్యబారిపోయిన మనిషికి ఉన్నది క్యాటటోనియా అని తేల్చే యంత్రం ఇప్పటికీ లేదు. రక్తపరీక్షలో అది దొరకదు, స్కాన్‌లో కనపడదు. కళ్లతో, చేతులతో, మాటతో పట్టుకోవాల్సిందే. ఆ పట్టుకునే పనిని ఒక వరసలో పెట్టిన ఫారం పేరు బుష్–ఫ్రాన్సిస్ క్యాటటోనియా రేటింగ్ స్కేల్. 1996లో అమెరికాలోని స్టోనీ బ్రూక్ వైద్యులు దీన్ని ప్రచురించారు. ఈ రోగానికి స్కేళ్లు ఇంకా ఉన్నా, వార్డులో ఎక్కువగా చేతికొచ్చేది ఇదే. సైకియాట్రీలో కొత్తగా చేరిన డాక్టర్లు, వార్డు నర్సులు, అలాగే తమవాళ్ల చెయ్యి ఎత్తి వదిలేసి డాక్టరుగారు ఏం చూస్తున్నారో అర్థంకాక పక్కన నిలబడే బంధువుల కోసం ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. వాడండి, కానీ ఫారం ఒక్కటీ ప్రింటు తీసుకుని వాడొద్దు. అమెరికాలోనే ఉన్న రోచెస్టర్ విశ్వవిద్యాలయం మనోరోగ విభాగం ఈ స్కేలుకి శిక్షణ మాన్యువల్, ఒక్కో లక్షణాన్నీ చేసి చూపించే వీడియోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అవి లేకుండా వాడితే ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు రెండు రకాల స్కోర్లు వేస్తారు. ఫారంలోని నిర్వచనాలు అంత క్లుప్తంగా ఉంటాయి.

ముందు పేర్ల సంగతి

మూడు పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి చాలా గందరగోళం చేస్తాయి. క్యాటలెప్సీ అంటే ఒంటిని ఏ భంగిమలో పెడితే ఆ భంగిమలోనే ఉండిపోవడం. చెయ్యి గాల్లోకి లేపి వదిలేస్తే అది కింద పడదు, అక్కడే నిలబడిపోతుంది. ఇది ఒక లక్షణం మాత్రమే, విడి రోగం కాదు. క్యాటటోనియా అనేది ఈ లక్షణంతోపాటు మాట పోవడం, కదలిక పోవడం, రెప్ప వాల్చని చూపు, ఎదురు తిరగడం, చూసినదాన్ని అనుకరించడం వంటివన్నీ గుంపుగా వచ్చే స్థితి. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ కాల్‌బామ్ దీనికి ఆ పేరు పెట్టాడు. మూడోది క్యాటప్లెక్సీ. అది పూర్తిగా వేరు. నార్కోలెప్సీ (పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్లు నవ్వినప్పుడో ఉలిక్కిపడ్డప్పుడో ఉన్నట్టుండి కండరాలు సడలిపోయి కూలబడతారు. అక్కడ ఒళ్లు బిగుసుకోదు, వదులైపోతుంది. కేసు షీటులో ఒకదాని బదులు ఇంకొకటి రాసిన సందర్భాలు తక్కువేం కాదు. ఆ ఒక్క పొరపాటుతో వైద్యం దారి మళ్లిపోతుంది.

ఇంకో అపోహ కూడా పాతుకుపోయింది. కొయ్యబారడం అంటే స్కిజోఫ్రీనియాయే అని. నిజానికి తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్ జబ్బుల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆటిజంలో వస్తుంది, మెదడు వాపులో వస్తుంది, రోజూ వాడే నిద్రమాత్రల్ని హఠాత్తుగా మానేసినా వస్తుంది. అమెరికన్ మనోరోగ వైద్యుల సంఘం వారి రోగనిర్ధారణ పుస్తకం 2013లో ఐదో కూర్పుకి వచ్చేసరికి క్యాటటోనియాను స్కిజోఫ్రీనియాకి ఉపరకంగా పెట్టడం మానేసింది. బుష్–ఫ్రాన్సిస్ ఫారంలో మాకు నచ్చిన మొదటి సంగతి ఇదే. కారణం ఏమిటన్న జోలికి పోదు. ఒంట్లో ఏం కనిపిస్తోందో అంతవరకే అడుగుతుంది.

ఫారంలో ఏముంది

మొత్తం 23 అంశాలు. మొదటి 14 స్క్రీనింగ్‌కి. ఉద్రేకం, కదలిక లేకపోవడం, మౌనం, తదేకంగా చూడటం, భంగిమలో ఉండిపోవడం, ముఖం వికారంగా పెట్టడం, అనుకరణ, అర్థంలేకుండా ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం, వింత హావభావాలు, ఒకే మాటను అరిగిన రికార్డులా అనడం, బిగుతు, ఎదురు తిరగడం, మైనంలా వంగడం, తిండీ నీళ్లూ మానుకోవడం. వీటిలో ఏ రెండైనా 24 గంటలు, అంతకు మించి ఉంటే క్యాటటోనియా అనుమానించాలి. ఈ దశలో ఉందా లేదా అన్నది చాలు, మార్కులు అక్కర్లేదు. తీవ్రత కొలవాలంటే మొత్తం 23కీ 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. గరిష్ఠం 69.

మార్కుల మెట్లు కొన్ని చోట్ల బాగా కుదిరాయి, ముఖ్యంగా కాలాన్ని పట్టి వేసేవి. తదేకమైన చూపులో 20 సెకన్లు గీత. అంతకంటే తక్కువసేపు నిలిపి చూస్తుంటే 1, ఎక్కువైతే 2, చూపు అసలు కదలకపోతే 3. భంగిమలో నిమిషం లోపు 1, నిమిషం నుంచి 15 నిమిషాలలోపు 2, 15 దాటితే 3. గడియారం దగ్గర పెట్టుకుంటే వాదన ఉండదు. అదే హావభావాల దగ్గర "అప్పుడప్పుడు", "తరచుగా", "ఎప్పుడూ" అన్న మాటలే ఆధారం. అక్కడే ఇద్దరి మార్కులు విడిపోతాయి.

ఫారం తలకట్టులో ఒక చిన్న సూచన ఉంది, చాలామంది కన్ను దాన్ని దాటిపోతుంది. అనుమానంగా ఉంటే సున్నా వేయాలి. పరీక్ష సమయంలో కంటపడినదానికే మార్కు. తిండి మానుకోవడానికీ, జ్వరం, నాడి, బీపీ వంటి వాటికీ మాత్రం కేసు షీటు చూసి వేయొచ్చు. ఈ నియమం పాటించకపోతే మౌనంగా ఉన్న ప్రతి మనిషికీ పదిహేను, ఇరవై మార్కులు సులువుగా వచ్చేస్తాయి.

పరీక్ష చేసే తీరు

సుమారు ఐదు నిమిషాల పని. వరస మార్చకపోవడం మంచిది. ఒకరోజు ఒకలా, మర్నాడు ఇంకోలా చేస్తే రెండు స్కోర్లనూ పోల్చలేం.

మొదట మామూలుగా పలకరిస్తూ గమనించాలి. మాటల మధ్యలో పరీక్షించేవారు తమ తలను కాస్త అతిగా, కొట్టొచ్చినట్టు గోక్కోవాలి. ఎదుటి మనిషి కూడా అలాగే తల గోక్కుంటే అనుకరణ. తర్వాత "చెయ్యి వదులుగా పెట్టండి" అని చెప్పి మోచేతిని వంచి, చాచి చూడాలి. ఒకసారి తేలికగా, ఒకసారి గట్టిగా, మార్చి మార్చి. ఈ ఒక్క మెట్టులోనే నాలుగు అంశాలు దాగి ఉన్నాయి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

ఎంత ప్రయత్నించినా భంగిమ మారకుండా గట్టిగా ఉంటే బిగుతు. కదిపేటప్పుడు పళ్లచక్రం తిరిగినట్టు టక్ టక్‌మని ఆగుతూ సాగుతున్నా, వణుకు ఉన్నా దాన్ని ఇక్కడ లెక్కించకూడదు. అది పార్కిన్సన్ లక్షణం, చాలాసార్లు మందుల వల్ల వచ్చింది. మొదట కొద్దిగా అడ్డుకుని, ఆ తర్వాత కొవ్వొత్తిని వంచినప్పటిలా మెల్లగా లొంగితే మైనపు వంపు. మీరు ఎంత బలం పెడితే సరిగ్గా అంత బలంతో ఎదురొస్తే, అదీ కావాలని చేసినట్టు కాక దానంతటదే జరుగుతున్నట్టుంటే గేగెన్‌హాల్టెన్. బలం మార్చి మార్చి చూడమన్నది దీనికోసమే. ఒకే బలంతో కదిపితే బిగుతుకీ దీనికీ తేడా తెలియదు. ఇక చెప్పినదానికి వ్యతిరేకంగా చేయడం, కారణం లేకుండా ప్రతిదాన్నీ అడ్డుకోవడం ఎదురు తిరగడం కిందకి వస్తుంది.

పట్టు వదిలాక వెంటనే ఇంకో మెట్టుకి పోవద్దు. చెయ్యి ఎక్కడ ఉందో అక్కడే ఉందా, కిందకి వస్తోందా చూడాలి. క్యాటలెప్సీ కనపడేది ఆ ఆగిన క్షణాల్లోనే. హడావిడిగా చేసేవాళ్లు దీన్ని పోగొట్టుకుంటారు.

తర్వాత చెయ్యి ముందుకు చాచమని, అరచేతి కింద ఒక్క వేలు పెట్టి మెల్లగా పైకి నెట్టాలి. ఎత్తనివ్వొద్దని ముందే చెప్పాలి. చెప్పినా సరే, ఆ ఒక్క వేలి ఒత్తిడికే చెయ్యి మడత టేబుల్ ల్యాంపులా పైకి లేస్తే మిట్‌గేహెన్. ఆ తర్వాత కరచాలనానికి చెయ్యి చాస్తూనే కలపొద్దని చెప్పాలి. చెయ్యి సగం వచ్చి ఆగిపోయి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి ఊగిసలాడితే యాంబిటెండెన్సీ. చూపు చెప్పేది ఒకటి, మాట చెప్పేది ఒకటి అయినప్పుడు మనిషి ఆ రెంటి మధ్య ఇరుక్కుపోవడం అది.

ఆ పైది నాలుక పరీక్ష. జేబులో చెయ్యి పెడుతూ "నాలుక బయట పెట్టండి, సూదితో గుచ్చాలి" అంటారు. నొప్పి అని తెలిసీ నాలుక చాపితే యాంత్రికంగా లొంగిపోవడం. నిజంగా గుచ్చడం ఉండదు, సూది చేతిలో ఉండక్కర్లేదు కూడా. ఈ మెట్టు మాకు నచ్చదు. కొయ్యబారిన మనిషికి చాలాసార్లు అన్నీ వినిపిస్తుంటాయి, తేరుకున్నాక గుర్తుంటాయి కూడా. భయంతో బిగుసుకుపోయిన మనిషికి సూది మాట చెప్పడం ఆ భయానికి ఇంకొంచెం తోడు చేయడమే. మానేస్తే స్కోరులో ఒక అంశం పోతుంది కాబట్టి మానమని చెప్పం. గ్రాస్ప్ రిఫ్లెక్స్ (కింద చెప్పే అరచేతి పరీక్ష) కూడా అయిపోయాక దీన్ని చివరికి పెట్టుకుని, అయిన వెంటనే "అది పరీక్ష కోసం అన్నమాట, గుచ్చం" అని చెప్పేయండి. జవాబు రాకపోయినా చెప్పండి.

గ్రాస్ప్ రిఫ్లెక్స్‌కి అరచేతిని వేళ్లతో మెల్లగా రాస్తే వేళ్లు వాటంతటవే ముడుచుకుని పట్టేసుకుంటాయేమో చూడాలి. దాంతో మంచం దగ్గర పని అయిపోతుంది. ఇక మిగిలింది కేసు షీటులో గడిచిన 24 గంటల ఎంట్రీలు చదవడం. ఎంత తిన్నారు, ఎంత తాగారు, జ్వరం, నాడి, బీపీ ఎలా ఉన్నాయి, ఏమైనా సంఘటనలు జరిగాయా అని. ఆపైన ప్రతి రోజూ కొద్దిసేపైనా రోగికి తెలియకుండా దూరం నుంచి గమనించాలి. ఈ చివరిదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. డాక్టరు ఎదురుగా రాయిలా ఉన్న మనిషి, ఎవరూ లేనప్పుడు గది మూలకెళ్లి ఒకే అడుగుల వరసను గంటసేపు తిరగేయొచ్చు. అది నర్సు చూస్తారు, డాక్టరు చూడరు. అందుకే ఈ స్కేలును నర్సు, డాక్టరు కలిసి నింపితేనే నిజానికి దగ్గరగా వస్తుంది.

తెలుగులో అడిగేటప్పుడు

మూలం ఇంగ్లీషు. మాటకి మాట మార్చుకుని అడిగితే రెండు చోట్ల దెబ్బతింటాం.

ఒకటి, వద్దని చెప్పే తీరు. ఇంగ్లీషులో కాదన్న మాట క్రియ కంటే ముందే వస్తుంది, దాన్ని ఒత్తి పలకమని ఫారంలో పెద్ద అక్షరాలతో వేశారు. తెలుగులో "కలపండి"కీ "కలపకండి"కీ తేడా ఒక్క అక్షరం, అదీ మాట నడుమ. వేగంగా అంటే మామూలు మనిషికే సరిగా వినపడదు. అప్పుడు చెయ్యి కలిపితే అది రోగ లక్షణమా, వినికిడి పొరపాటా తేల్చలేం. "వద్దు. నాతో చెయ్యి కలపొద్దు" అని, వద్దును విడిగా ముందు చెప్పి, ఒక్క క్షణం ఆగి మిగతాది చెప్పాలి. "నేను మీ చెయ్యి పైకి ఎత్తుతాను. మీరు ఎత్తనివ్వొద్దు" అన్నది కూడా రెండు వాక్యాలుగానే చెప్పాలి.

రెండోది మౌనానికి వేసే మార్కు. ఐదు నిమిషాల్లో 20 మాటల కంటే తక్కువ మాట్లాడితే 2. ఇంగ్లీషులో ఐదారు మాటలుగా చెప్పేది తెలుగులో "చెయ్యలేకపోతున్నాను" అని ఒక్క మాటలో అయిపోతుంది. ఆ 20ని ఉన్నపళంగా తెలుగుకి తెచ్చుకుంటే, కాస్త తక్కువగానే అయినా అర్థవంతంగా మాట్లాడుతున్న మనిషిని మౌనంలో వేసేస్తాం. మాటలు లెక్కపెట్టడంతోపాటు ఎన్ని ప్రశ్నలకి జవాబు వచ్చిందో కూడా పక్కన రాసుకుంటే ఈ లోటు కొంత తీరుతుంది.

లోపాలు

పెద్ద లోపం స్క్రీనింగ్ గడప మరీ కిందకి ఉండటం. పద్నాలుగులో రెండు చాలు అన్నప్పుడు, తీవ్రమైన డిప్రెషన్‌లో మాట్లాడకుండా, తినకుండా పడుకున్న ఎవరికైనా ఆ రెండూ వచ్చేస్తాయి. ఐసీయూలో డెలీరియంతో (ఒంటి జబ్బు వల్ల హఠాత్తుగా తెలివి తడబడటం) ఉన్నవాళ్లూ ఈ వలలో పడతారు. పైన చెప్పిన 2013 కూర్పులో 12 లక్షణాల్లో కనీసం మూడు ఉండాలన్నారు. అందులో బిగుతు, తదేకమైన చూపు, తిండి మానుకోవడం లెక్కలో లేవు. స్క్రీనింగ్‌ని జల్లెడగానే వాడాలి, తీర్పుగా కాదు. ఎవరినీ వదిలేయకుండా పట్టుకోవడానికి పెట్టిన గడప కాబట్టి దీన్ని తప్పు అనలేం, కానీ "స్క్రీనింగ్ పాజిటివ్, కాబట్టి క్యాటటోనియా" అని అక్కడితో ఆగే రాతలు ఇబ్బంది తెచ్చిపెడతాయి.

అంశాలు ఒకదానిమీదికొకటి పడుతుంటాయి కూడా. ఐదో అంశంలో తనంతట తాను భంగిమలో ఉండిపోవడాన్నీ, మనం పెట్టిన భంగిమలో ఉండిపోవడాన్నీ ఒకే గూట్లో పెట్టారు. పైగా మామూలుగా కదలకుండా కూర్చోవడం కూడా భంగిమే అన్నారు. దాంతో ఒక్క నిశ్చలత్వానికే కదలిక లేకపోవడం దగ్గర ఒకసారి, భంగిమ దగ్గర ఒకసారి మార్కు పడుతుంది. అసలైన క్యాటలెప్సీ ఉందో లేదో స్కోరు చూసి చెప్పలేం. ఆ గడి పక్కన "పెట్టినది" లేదా "తనది" అని ఒక్క మాట రాయండి, రేపు చూసేవాళ్లకి అక్కరకొస్తుంది.

కొన్ని అంశాలకి 0 లేదా 3 మాత్రమే ఉంటాయి. మైనపు వంపు, మిట్‌గేహెన్, గేగెన్‌హాల్టెన్, యాంబిటెండెన్సీ, గ్రాస్ప్ రిఫ్లెక్స్, ఒకే సంగతిని పట్టుకుని తిరగడం. ఒక్క లక్షణం ఉదయం ఉండి సాయంత్రం లేకపోతే స్కోరు మూడు కిందకి దూకుతుంది. క్యాటటోనియా అసలే గంటగంటకీ మారుతుంది. అందుకని మొత్తం అంకెను మాత్రమే చూసి బాగుందనో బాగాలేదనో అనకూడదు, ఏ గడి మారిందో చూడాలి.

కదలిక లేకపోవడంలో 3 వేయాలంటే నొప్పికి కూడా స్పందించకూడదు. నొప్పి ఎలా పెట్టాలో ఫారం చెప్పదు. గోటి మొదట్లో పెన్నుతో కొద్ది సెకన్లు నొక్కితే చాలు. ప్రతి షిఫ్టులోనూ ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దడం వద్దు. కమిలిపోతుంది, పైగా దాంతో కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

చచ్చినట్టున్న మనిషి

ఈ స్కేలులో మనిషి బతికున్నాడా అన్న గడి లేదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ క్యాటటోనియా పేరు చెప్పగానే అందరి మనసులో మెదిలే భయం అదే కాబట్టి నాలుగు మాటలు. కొయ్యబారిన మనిషికి ఊపిరి ఆడుతుంది, నాడి కొడుతుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, లైటు వేస్తే కంటిపాప చిన్నదవుతుంది. రెప్పలు విప్పబోతే చాలాసార్లు గట్టిగా మూసుకుంటాయి. చనిపోయాక వచ్చే బిగుతు అలా ఉండదు. అది గంటలు గడిచాక దవడ వంటి చిన్న కండరాల దగ్గర ముందుగా తెలుస్తుంది, ఒళ్లు చల్లబడుతూ ఉంటుంది. పూర్తిగా బిగిసిన కీలును బలవంతంగా వంచితే ఆ బిగుతు విరిగిపోతుంది, తిరిగి రాదు. క్యాటటోనియాలో వంచిన చెయ్యి కొత్త చోట మళ్లీ నిలబడుతుంది.

అయితే రోజుల తరబడి నీళ్లు తాగక ఎండిపోయిన మనిషి, ఒళ్లు చల్లబడిన మనిషి ఊపిరి పైపైన తీయొచ్చు, మణికట్టు దగ్గర నాడి అందకపోవచ్చు. అక్కడ వేళ్ల స్పర్శని నమ్మకూడదు. స్టెతస్కోపుతో గుండె చప్పుడు, ఊపిరి చప్పుడు పూర్తిగా ఐదు నిమిషాలు వినాలి. బ్రిటన్ వైద్య కళాశాలల అకాడమీ 2008 మార్గదర్శకాల్లో మరణాన్ని ధ్రువీకరించడానికి పెట్టిన కనీస గడువు కూడా ఐదు నిమిషాలే. ఈసీజీ పెట్టగలిగితే సందేహమే ఉండదు.

అసలు ప్రమాదం బతికున్న మనిషిని పోయాడనుకోవడంలో కంటే, మొండికేశాడనీ నటిస్తున్నాడనీ అనుకుని వదిలేయడంలో ఎక్కువ. కదలని కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీపున పుళ్లు పడతాయి. మూత్రం నిలిచిపోతుంది. మింగలేని గొంతులో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా పూర్తి ఆహారం ఎక్కిస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అందుకే థయామిన్ (విటమిన్ బి1) ముందు ఇచ్చి ఆహారం కొద్దికొద్దిగా పెంచాలి. స్కోరు ఎంతైనా సరే, మొదటి రోజు నుంచే గడ్డకట్టకుండా మందు అవసరమా అన్నది చూడాలి, రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, నీళ్ల లెక్క రాయాలి.

లోరాజెపామ్ పరీక్షకి తోడుగా

ఈ స్కేలు నిజంగా రాణించేది ఇక్కడే. లోరాజెపామ్ అంటే ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మందు. అది ఇచ్చే ముందు ఒకసారి స్కోరు వేస్తారు. 1 మిల్లీగ్రాము సిర ద్వారా ఇచ్చి ఐదు నిమిషాలకి మళ్లీ వేస్తారు. మార్పు లేకపోతే ఇంకో డోసు ఇచ్చి మళ్లీ చూస్తారు. కండలోకి ఇస్తే పావుగంట, మాత్ర వేస్తే అరగంట ఆగాలి. స్కోరు సగం, అంతకు మించి తగ్గితే పరీక్ష పాజిటివ్. 24 నుంచి 10కి వచ్చిందంటే 58 శాతం తగ్గినట్టు. అన్నాళ్లుగా మాట లేని మనిషి కొన్ని నిమిషాల్లో నీళ్లు అడగడం వైద్యంలో అరుదుగా కనిపించే మార్పు. కానీ ఆ మార్పును అంకెగా రాసిపెట్టకపోతే తర్వాతి షిఫ్టువాళ్లు నమ్మరు.

తప్పులు దొర్లే చోట్లు చెబుతాం. ఇంజెక్షన్‌ను సమానమైన ద్రవంతో పలచన చేసి మెల్లగా ఎక్కించాలి, నిమిషానికి 2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊపిరి, ఆక్సిజన్ గమనిస్తూ ఉండాలి. మందు పడ్డాక రోగి నిద్రలోకి జారితే కదలికా లేదు, మాటా లేదు కాబట్టి స్కోరు తగ్గనట్టే కనిపిస్తుంది. లేపి మళ్లీ పరీక్షించాలి. దీనికి తలకిందులుగా, ఉద్రేకంతో ఊగిపోయే రకం క్యాటటోనియాలో మత్తు వల్ల నెమ్మదించినా స్కోరు పడిపోతుంది, అది నిజమైన గుణం కాకపోవచ్చు. మొదటి స్కోరు ఆరే ఉంటే రెండు అంశాలు మారినా సగం తగ్గినట్టు అవుతుంది, శాతానికి అక్కడ బలం లేదు. అన్నిటికంటే ముఖ్యం, పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన క్యాటటోనియా కాదని తేలిపోదు. ఒక్క డోసుకి కదలనివాళ్లు కొన్ని రోజులు విడతలవారీగా ఇచ్చే మందుకి కదలొచ్చు. చికిత్సలో రోజుకి 6 నుంచి 24 మిల్లీగ్రాముల దాకా వెళ్లిన పద్ధతులున్నాయి. అది అనుభవమున్న వైద్యుడి పర్యవేక్షణలోనే, ఇంట్లో కాదు. మందుకి లొంగనివాళ్లకి ఈసీటీ, అంటే మత్తిచ్చి తలకి కొద్దిపాటి కరెంటుతో మూర్ఛ తెప్పించే చికిత్స, బాగా పనిచేస్తుంది. మూర్ఛ తెప్పించి మానసిక రోగానికి వైద్యం చేయడం 1934లో బుడాపెస్ట్‌లో లాడిస్లాస్ మెడూనా కర్పూరంతో మొదలుపెట్టినప్పుడు, మొదటి రోగి కూడా ఇలా కొయ్యబారిన మనిషే.

23వ అంశాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. జ్వరం, బీపీ, నాడి, ఊపిరి, చెమట. ఒకటి తేడాగా ఉంటే 1, రెండైతే 2, మూడు, అంతకు మించితే 3. చివర ఉండటంతో, స్క్రీనింగ్‌లో చేరకపోవడంతో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రాణం తీసేది మాత్రం ఇదే. బిగుతుతోపాటు జ్వరం పెరుగుతూ బీపీ, నాడి అదుపు తప్పుతుంటే ప్రాణాంతకమైన మాలిగ్నెంట్ క్యాటటోనియా అనుకోవాలి. సైకోసిస్ మందులు వాడుతుంటే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ (ఆ మందులే తెచ్చిపెట్టే ప్రాణాంతక స్థితి) అనుకుని ఆ మందులు అప్పటికప్పుడే ఆపాలి, సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), కిడ్నీ పరీక్షలు పంపాలి, ఐసీయూకి మార్చాలి, ఈసీటీ ఆలస్యం చేయకూడదు. మొత్తం స్కోరు 12 అయినా 23వ గడిలో 3 ఉందంటే, స్కోరు 30 ఉండి ఆ గడిలో సున్నా ఉన్న మనిషి కంటే ఈయన దగ్గరికే ముందు పరుగెత్తాలి. ఫారంలో ఈ హెచ్చరిక ఎక్కడా లేదు. ఎర్ర సిరాతో మీరే గీసుకోండి.

ఈ కాగితం చెప్పలేనివి

కారణం చెప్పదని ముందే అన్నాం. స్కోరు వేశాక పని అప్పుడే మొదలవుతుంది. ఆగకుండా లోలోపల నడిచే మూర్ఛ కూడా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఈఈజీ (మెదడులోని విద్యుత్తును చూసే పరీక్ష) కావాలి. కొత్తగా మతి చెదిరిన యువతుల్లో మూర్ఛలు, నోటి దగ్గర వింత కదలికలు తోడైతే మెదడు కణాల మీద ఉండే ఎన్ఎండీఏ రిసెప్టర్‌కి ప్రతిరక్షకాలు తయారయ్యే మెదడు వాపును వెతకాలి. 2007 నుంచీ తెలిసిన ఈ రోగంలో కొందరికి అండాశయంలో గడ్డ ఉంటుంది. బ్రెయిన్‌స్టెమ్‌లో (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) స్ట్రోక్ వచ్చి లాక్డ్-ఇన్ అయిన మనిషి కదలడు, మాట్లాడడు, కానీ కళ్లు పైకీ కిందకీ తిప్పి, రెప్పలాడించి జవాబు చెప్పగలడు. "అవునంటే పైకి చూడండి" అని ఒక్కసారి అడిగితే చాలు. ఆ ప్రశ్న ఫారంలో లేకపోవడం మాకు లోటుగానే అనిపిస్తుంది.

ఇతర స్కేళ్లలో 40 అంశాల నార్తాఫ్ స్కేల్ భావోద్వేగాలను కూడా పట్టుకుంటుంది, పరిశోధనకి బాగుంటుంది, రాత్రి డ్యూటీలో కుదరదు. 21 అంశాల బ్రౌనిగ్ స్కేల్‌కి ఇంకా ఎక్కువ సమయం కావాలి. పిల్లలకైతే వాళ్లకోసం మార్చిన పీడియాట్రిక్ రూపం వాడటం మేలు.

రోజూ వేసే స్కోరు గురించి చివరగా ఒక్కటి. లోరాజెపామ్ పడిన గంటకి వేసిన అంకెనూ, తర్వాతి డోసుకి కాస్త ముందు వేసిన అంకెనూ పక్కపక్కన పెడితే జబ్బు ముదిరినట్టో తగ్గినట్టో లేనిపోని భ్రమ కలుగుతుంది. రోజూ ఒకే వేళకి, వీలైతే ఒకే మనిషి వేయాలి. స్కోరు పక్కన గంట, నిమిషం, కిందటి డోసు పడి ఎంతసేపయిందో రాయాలి. ఫారంలో దానికి గడి లేదు, కుడివైపు ఖాళీలో రాసుకోండి.